ఎలుక నడకకు కొలత

జాన, మూర, బార మనిషి ఒంటి కొలతలు. ఎలుక నడకకూ ఓ కొలత ఉంది: మిక్కీ. అవును, డిస్నీ వారి బొమ్మ ఎలుక పేరే. కంప్యూటర్ మౌస్ పసిగట్టగల అతి చిన్న కదలిక ఒక మిక్కీ. తొలినాళ్ల మౌసుల్లో అంగుళంలో సుమారు 200వ వంతు.

మౌస్‌కు తెర సంగతి తెలియదు. అడ్డంగా ఇన్ని, నిలువుగా ఇన్ని మిక్కీలు కదిలానని చెప్పి ఊరుకుంటుంది. వాటిని తెరమీది చుక్కలుగా మార్చేది డ్రైవర్ అనే ప్రోగ్రామ్. డాస్ రోజుల్లో మైక్రోసాఫ్ట్ డ్రైవర్ మామూలుగా అడ్డంగా 8 చుక్కలకు 8 మిక్కీలు, నిలువుగా 8 చుక్కలకు 16 మిక్కీలు లెక్కగట్టేది. కావాలంటే ఆ నిష్పత్తి మార్చుకోవచ్చు.

సొంతంగా డ్రైవర్ రాసేవారికి ఈ మారకపు లెక్కే తొలి తలనొప్పి. మామూలు మౌస్ కాకపోతే మరీనూ. 1952 ప్రాంతంలో కెనడా నౌకాదళం కోసం ఏకంగా బౌలింగ్ బంతితో ట్రాక్‌బాల్, అంటే బంతిని చేత్తో తిప్పి వాడే పరికరం, చేశారు. అలాంటి వింత పరికరం చేతికొస్తే ముందు తేల్చుకోవాల్సింది ఇదే: బంతి ఒక్క చుట్టు తిరిగితే ఎన్ని మిక్కీలు?

మౌస్‌ను మనం ఎలుక అనలేదు, నవ్వొస్తుంది కాబట్టి. మూషికం అంటే వినాయకుడు గుర్తొస్తాడు. మిక్కీకి ఆ తంటా లేదు. కాకపోతే ఇప్పుడు మౌస్ అట్టపెట్టెల మీద డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలు) అనే వేస్తున్నారు. నాకైతే మిక్కీయే ముద్దు.