థాడియస్ స్టీవెన్సు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో బానిసత్వము తొలగిన వృత్తాంతమును చెప్పునపుడు మనము అబ్రహాము లింకనును స్మరించి యూరకుందుము. ఆ కార్యమునకు చట్టరూపము గల్పించుటకై శాసనసభలలో పోరాడినవారిని మన మంతగా నెరుగము. వారిలో ముఖ్యుడు థాడియస్ స్టీవెన్సు. ఆయన మచ్చలేని మహాపురుషుడని చాటుటకు నేనీ వ్యాసము వ్రాయుట లేదు. ఒకనాడు అన్యాయమునకు తోడ్పడిన తన విద్యనే తరువాత న్యాయమునకు వినియోగించినవాడు గనుక ఆయన చరిత్రము పఠనీయమని నా యభిప్రాయము.

ఆయన 1792వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీన వెర్మాంటు రాష్ట్రమందలి డాన్విల్ గ్రామమున నొక పేదకుటుంబమున జన్మించెను. పుట్టుకతోనే యొక పాదము వంకరగా నుండెను. తండ్రి సంసారమును విడిచి వెడలిపోయెను. నలుగురు కొడుకులను పెంచు భారమంతయు తల్లిపై బడెను. ఆ యిల్లాలు కాయకష్టముచేసి యీ కుమారుని చదివించెను. ఆయన 1814లో డార్టుమత్ కళాశాలలో పట్టభద్రుడై, పెన్సిల్వేనియాకు బోయి, యార్కు పట్టణమున నుపాధ్యాయుడుగా నుండి న్యాయశాస్త్రము నభ్యసించి, 1816లో గెటిస్‌బర్గున న్యాయవాదిగా స్థిరపడెను. పిమ్మట ధనము గడించినపుడు తల్లికి పొలము కొని యిచ్చెను.

పెన్సిల్వేనియాలో అప్పుడు 1780 నాటి చట్టమొకటి యుండెను. ఇతర రాష్ట్రమునుండి తెచ్చిన బానిసను యజమానుడు ఆరునెలలకు మించి యచ్చట నుంచినచో ఆ బానిసకు స్వేచ్ఛ గలుగుచుండెను. మేరీలాండునకు జెందిన ఛారిటీ బట్లరు అను నల్లజాతి స్త్రీ, తాను పలుమార్లు వచ్చి యున్న దినములన్నియు గూడిన ఆరునెలలు దాటునని చెప్పి, తనకును తన బిడ్డలకును స్వేచ్ఛ కోరెను. యజమానుని పక్షమున వాదించినవాడు స్టీవెన్సే. ఆరునెలలును ఎడతెగక యుండవలెనే కాని విడివిడి దినములను గూడుట చెల్లదని వాదించి, 1821లో రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానమున గెలిచెను. తల్లియు బిడ్డలును దాస్యముననే యుండిరి.

కాలక్రమమున నాయన బానిసత్వమునకు బద్ధవిరోధి యయ్యెను. పారిపోయి వచ్చిన బానిసల పక్షమున రుసుము గొనక వాదించెను. 1833లో రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యెను. అప్పటివరకు 1809 నాటి చట్టము ననుసరించి, తాము నిరుపేదలమని యొప్పుకొన్నవారి పిల్లలకు మాత్రమే ప్రభుత్వవ్యయముతో చదువు లభించుచుండెను. మానముగల తండ్రి తాను బికారినని చెప్పికొనుటకంటె బిడ్డను ఇంట నుంచుకొనుటయే మేలని తలచును గదా! 1834లో అందరికిని ఉచితవిద్య నిచ్చు చట్టము వెలువడెను. పన్ను పెరుగునని జనులు మండిపడిరి. మరుసటి యేడు సెనేటు దానిని రద్దుచేయ నిశ్చయించెను. స్టీవెన్సు నెన్నుకొన్న జిల్లావారును రద్దునే కోరిరి. చట్టమును నిలుపగోరిన గవర్నరు వుల్ఫు రాజకీయముగా నాయనకు ప్రతికక్షి. అయినను ఆయన 1835 ఏప్రిలు 11న లేచి చట్టమును సమర్థించెను. బిడ్డలు లేనివాడు బడికేల పన్ను చెల్లింపవలెనని కొంద రడిగిరి. నేరమెన్నడును చేయనివాడు చెరసాలలకు చెల్లించుట లేదా, నేరస్థుని శిక్షించుటకు సంతోషముగ ధనమిచ్చువాడు మనుష్యుడు నేరస్థుడు కాకుండ జేయు బడికి ఇయ్యననుట వివేకమా యని యాయన వాదము. ప్రతినిధులు రద్దును తిరస్కరించిరి, చట్టము నిలిచెను. ఉపాధ్యాయవృత్తిలో నున్న నాకు ఆయన వాదము లన్నిటిలో నిదియే మిక్కిలి ప్రియమైనది.

కొలదికాలమునకు ఆ రాష్ట్రమువారు నూతన రాజ్యాంగమును రచించి, వోటుహక్కు తెల్లవారికే యని నిర్ణయించిరి. ఆ సభలో సభ్యుడై యుండియు స్టీవెన్సు దానిపై సంతకము చేయ నిరాకరించెను. తరువాత కాంగ్రెసు సభ్యుడై, బానిసత్వమును రద్దుచేసిన 1865 నాటి పదమూడవ సవరణకును, చట్టమెదుట సమానరక్షణ నొసగిన పదునాలుగవ సవరణకును పాటుపడెను. విముక్తులకు తలకు 40 ఎకరముల భూమి నియ్యవలెనని కోరెను గాని సహచరు లంగీకరింపలేదు.

1868 ఆగస్టు 11న ఆయన మరణించెను. లాంకాస్టరు పట్టణమందలి పెద్ద శ్మశానవాటికలలో అప్పుడు నల్లవారికి చోటు లేకుండెను. అందుచే ఎల్లజాతులవారిని అంగీకరించు చిన్న శ్మశానమునే ముందుగా నెంచుకొనెను. ఆ కారణము ఆయన సమాధిఫలకముపై చెక్కబడి యున్నది. మరణశాసనమున అనాథబాలుర గృహమునకు ధనము నిర్దేశించి, అందు వర్ణభేదము లేక అందరికి నొకే తరగతిలో చదువును, ఒకే బల్లపై భోజనమును కలుగవలెనని వ్రాసెను. దాని ఫలముగా 1905లో లాంకాస్టరున నొక వృత్తివిద్యాలయము వెలసి, నేటికిని ఆయన పేర కళాశాలగా నడచుచున్నది.

సహపంక్తి భోజనమునకై పెద్దలతో వాదులాడిన యిండ్లు మనలో పెక్కు గలవు. ఒకే బడి, ఒకే పంక్తి అను మాట ఎంత చిన్నదో, దానిని నెరవేర్చుట ఎంత కష్టమో ఆ యిండ్లవారికి తెలియును. ఛారిటీ బట్లరును ఓడించిన వాక్చాతుర్యమే పేదబిడ్డలకు బడిని నిలిపెను. విద్య యెవరి పక్షమున నిలుచునో నిర్ణయింపవలసినవారము మనమే.