కౌన్సిల్ ఇళ్ళ కథ – డబ్బు ఎవరు పెట్టారు?

సర్వీసులో ఉండగా మనలో చాలామందిమి గవర్నమెంటు క్వార్టర్సులో కాపురం చేసినవాళ్ళమే. జీతంలోంచి అద్దె కోసుకునేవారు. రిటైరయ్యాక తాళాలు అప్పగించాం. ఉద్యోగులకే కాక మామూలు కార్మికులకు కూడా ఇలా అద్దె ఇళ్ళు కట్టించిన దేశం బ్రిటన్. అక్కడి పట్టణ కౌన్సిళ్ళు కట్టించినవి కనుక వాటిని కౌన్సిల్ ఇళ్ళంటారు. గుమాస్తాగా బిల్లులు, బడ్జెట్లు చూసిన నాకు ఈ చరిత్రలో ముఖ్యమనిపించిన ప్రశ్న ఒకటే: డబ్బు ఎవరు పెట్టారు, ఎన్నాళ్ళు పెట్టారు?

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో గ్లాస్గో ఇంటి యజమానులు అద్దెలు పెంచేశారు. 1915లో మేరీ బార్బర్ వంటి గృహిణులు ముందు నిలిచి అద్దె కట్టడం మానిపించారు. ప్రభుత్వం దిగివచ్చి ఆ ఏడే అద్దెల అదుపుకు చట్టం చేసింది. యుద్ధం ముగిశాక, 1919లో మంత్రి అడిసన్ కౌన్సిళ్ళకు నిధులిచ్చే చట్టం తెచ్చాడు. కౌన్సిల్ పౌనుకు ఒక పెన్నీ చొప్పున ఇంటిపన్ను వేసుకోవాలి. ఆపై వచ్చే నష్టమంతా ఖజానా భరిస్తుంది. మూడేళ్ళలో 5 లక్షల ఇళ్ళు లక్ష్యం. ఖర్చు పెరిగిందని 1921లో కోత పెట్టారు. సగం కూడా పూర్తికాలేదు.

గనికార్మికుడిగా జీవితం మొదలుపెట్టిన జాన్ వీట్లీ 1924లో మంత్రి అయ్యాడు. పట్టణాల్లో ఇంటికి ఏటా 9 పౌన్ల చొప్పున 40 ఏళ్ళు గ్రాంటు ఇస్తామని చట్టం చేశాడు. రాబడి ముందే తెలిసింది కనుక కౌన్సిళ్ళు ధైర్యంగా అప్పు తెచ్చి కట్టాయి. 1933లో ఆ గ్రాంటు రద్దయ్యేనాటికి లేచినవి సుమారు 5 లక్షల ఇళ్ళు. రెండో యుద్ధం తర్వాత బెవన్ హయాంలో మరిన్ని వచ్చాయి. 1979 నాటికి దాదాపు మూడోవంతు కుటుంబాలు కౌన్సిల్ ఇళ్ళలోనే ఉండేవి.

1980లో థాచర్ ప్రభుత్వం, మూడేళ్ళు అద్దెకున్నవారు ఆ ఇంటిని తగ్గింపు ధరకు కొనుక్కునే హక్కిచ్చింది. లక్షల కుటుంబాలు ఇంటివాళ్ళయ్యాయి, అది మేలే. కాని అమ్మగా వచ్చిన సొమ్మంతా కొత్త ఇళ్ళకు వాడుకునే వీలు కౌన్సిళ్ళకు అప్పట్లో లేకపోయింది. పోయిన ఇళ్ళకు బదులు ఇళ్ళు రాలేదు. 2024లో ఇంగ్లండులో 13 లక్షలకు పైగా కుటుంబాలు వెయిటింగ్ లిస్టులో ఉన్నాయి.

మన దగ్గర 1979లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ, పేదవాడికి సొంత ఇల్లే ఇవ్వాలనే దారి పట్టింది. సొంత ఇంటికి సాటి లేదు. అయినా, నిన్న పట్నం వచ్చిన కూలీకీ, ఇల్లు కట్టుకోలేకపోయిన మన తోటి పెన్షనరుకూ కావలసింది భరించగల అద్దె. అందుకు ఒక్కసారి ఇచ్చే గ్రాంటు చాలదు. ఏటా బడ్జెట్లో ఒక పద్దు నిలిచి ఉండాలి.