కథాప్రధానములగు వీడియో ఆటలు



కథ వినుట యొకటి, ఆట ఆడుట మఱియొకటి అని మన పెద్దలు తలంచుచుండిరి. పురాణము వినువాడు రామునివెంట అడవికి పోవడు. అరుగుమీదనే కూర్చుండి కన్నీరు తుడుచుకొనును. పులిజూద మాడువానికి కథతో పని లేదు. ఎత్తు పాఱినదా లేదా అనునదే వాని చింత. వైకుంఠపాళిలో మాత్రము ఆటకు కొంత నీతిని జోడించిరి. పాములు పాపములు, నిచ్చెనలు పుణ్యములు. అయినను అందు మన యిష్టము చెల్లదు. గవ్వలు చెప్పినట్లు కాయ నడచును. పాపము చేయుదునా మానుదునా అని యోచించుటకు ఆడువానికి తావు లేదు.

గడచిన యేబదియేండ్లకు పైగా ఈ రెంటిని కలిపిన క్రొత్తవిద్య యొకటి పెరుగుచు వచ్చినది. దానిని వీడియో ఆట యందురు. వీనిలో పరుగెత్తుట, తుపాకి కాల్చుట తప్ప మఱేమియు లేనివి పెక్కు కలవు. వానిని గూర్చి నేడు ముచ్చటింపను. కథయే ప్రాణముగా గల ఆటలు వేఱుగా నున్నవి. అట్టివానిని చాలకాలముగా ఆడుచున్నవాడ నగుటచే, వాని చరిత్రమును, దానినుండి నాకు తోచిన అభిప్రాయములను మీకు మనవి చేసెదను. మీ మనుమలు చేతబట్టుకొని కూర్చున్న యంత్రములో నేమి జరుగుచున్నదో మీకు తెలియుట మంచిది గదా.

మొదటి ముచ్చట ఒక బడిలో జరిగినది. 1971వ సంవత్సరము డిసెంబరు మాసమున అమెరికాలోని మినియాపొలిస్ నగరములో డాన్ రావిచ్ అను యువకుడు ఉపాధ్యాయశిక్షణలో భాగముగా పిల్లలకు చరిత్ర చెప్పుచుండెను. పందొమ్మిదవ శతాబ్దిలో జనులు ఎద్దుబండ్లు కట్టుకొని పడమటనున్న ఆరిగన్ సీమకు వలసపోయిన వృత్తాంతము అతడు చెప్పవలసిన పాఠము. దానిని పటముమీద ఆడు ఆటగా మలచవలెనని అతడు యోచించుచుండగా, అతనితో కలిసి నివసించుచున్న బిల్ హైనమన్, పాల్ డిల్లెన్‌బర్గర్ అను గణితవిద్యార్థు లిరువురు దానిని కంప్యూటరునకు ఎక్కించిరి. ఆ కంప్యూటరునకు తెర లేదు. టైపుయంత్రము వంటి దానిలో కాగితముపై అక్షరములు పడుచుండెను. ఎద్దుల కెంత, తిండి కెంత, తూటాల కెంత అని పిల్లలే సొమ్ము పంచుకొనవలెను. లెక్క తప్పెనా, దారిలో ఆకలియో రోగమో మ్రింగివేయును. పాఠ్యపుస్తకములో వలసపోయినవారిని 'వారు' అని చదివిన పిల్లలు, ఈ ఆటలో 'మేము' అనుకొనిరి. 'ఆరిగన్ ట్రెయిల్' అను ఈ ఆట పిమ్మట అమెరికా బడులలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది.

రెండవ ముచ్చట ఒక తండ్రికి సంబంధించినది. విల్ క్రౌథర్ అను కంప్యూటరు నిపుణునకు గుహలలో దిగి వాని మార్గములను కొలిచి పటములు గీయుట ఇష్టమైన వ్యాపకము. కెంటకీ రాష్ట్రమందలి మామత్ గుహలలో అతడు చాల తిరిగెను. భార్యతో వియోగ మేర్పడిన పిదప, తన కూతుండ్ర వినోదమునకై ఆ గుహనే మాటలలో వర్ణించి 1976 ప్రాంతమున ఒక ఆట కట్టెను. యంత్రము, నీవు ఇట్టిచోట నున్నావని చెప్పును. ఆడువాడు, ఉత్తరమునకు పొమ్మనియో దీపము తీసికొనుమనియో ఒకటి రెండు మాటలు వ్రాయును. 1977లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున నున్న డాన్ వుడ్స్ దానికి నిధులు, చిక్కుముళ్లు చేర్చి విస్తరింపజేసెను. బొమ్మ లేదు, రంగు లేదు, చప్పుడు లేదు. అయినను జనులు రాత్రులు మేలుకొని ఆడిరి. ఇది చూచియే మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమువారు 'జోర్క్' అను ఆట వ్రాసిరి. వారిలో కొందఱు 1979లో ఇన్ఫోకామ్ అను సంస్థను స్థాపించిరి.

ఆ సంస్థ 1983లో వెలువరించిన 'ప్లానెట్‌ఫాల్' అను ఆటను స్టీవ్ మెరెట్‌స్కీ రచించెను. అందు ఫ్లాయిడ్ అను యంత్రమనుష్యు డొకడు కలడు. పసివానివలె మాటలాడుచు, ఆడువాని వెంట తిరుగుచు, నవ్వించుచుండును. కథ ముదిరినప్పుడు, ఘోరజంతువులున్న గదిలోనుండి ఒక వస్తువు తేవలసివచ్చును. నేను పోయెదనని ఫ్లాయిడ్ తానై ముందుకు వచ్చును. తలుపు తెఱువవలసినది మాత్రము ఆడువాడే. తెఱచును; ఫ్లాయిడ్ లోనికి పోవును; తలుపు మూయవలెను. కొంతసేపటికి లోపలినుండి తట్టుట వినబడును. మరల తెఱచినపుడు ఆ వస్తువుతో వెలుపలికి వచ్చి ఆడువాని చేతులలో ప్రాణము విడుచును. ఉత్త అక్షరములతో నడచిన ఈ ఘట్టమునకు కన్నీరు పెట్టినవారు అనేకులు.

ఈ దుఃఖము పుస్తకము చదివి పొందు దుఃఖమువంటిది కాదని నా అభిప్రాయము. పుస్తకములో తలుపు తెఱచినది గ్రంథకర్త. ఇచట తెఱచినది నా చేయి. కథలో పాత్ర చనిపోయినందుకు వగచుటతో తీరదు. 'నేను పంపితిని' అను మాట మనస్సును వెన్నాడును. కరుణరసమునకు తోడు బాధ్యతను గూడ ఆడువానిపై మోపుటయే ఈ విద్యకు ప్రత్యేకత.

అట్లయినచో ఆడువాని యిష్టానుసారము కథ మారుచుండుటయే దీని గొప్పతనమా? చాలమంది అట్లే యందురు. నేను ఒప్పుకొనను. 1997లో జపానునందు వెలువడిన 'ఫైనల్ ఫాంటసీ' ఏడవ భాగమును చూడుడు. అందు ఏరిస్ అను యువతి ఆడువాని జట్టులో నుండును. పూలు అమ్ముకొను పిల్ల. ఆమెకు ఆయుధములు కూర్చి, విద్యలు నేర్పి, ఎన్నియో గంటలు పెంచుదుము. ఆమె ప్రార్థన చేయుచుండగా సెఫిరోత్ అను శత్రువు పైనుండి దిగి కత్తితో పొడుచును. దానిని తప్పించు ఉపాయము ఆటలో ఎచ్చటను లేదు. ఆమెను బ్రదికింపవచ్చునని వదంతులు పుట్టి, ఎందఱో సంవత్సరములతరబడి వెదకిరి. ఆ వెదకుటయే రచయితల విజయమునకు సాక్ష్యము. ఎన్నికకు తావులేని చోటనే అంతటి ఆర్తి పుట్టినది.

ఇందుకు ప్రతిగా కెనడా దేశపు బయోవేర్ సంస్థవారి 'మాస్ ఎఫెక్ట్' అను ఆట కలదు. 2007, 2010, 2012 సంవత్సరములలో మూడు భాగములుగా వచ్చినది. మొదటి భాగములో మనము చేసిన నిర్ణయములు మూడవదానివఱకు వెంట వచ్చును. ఎవరిని కాపాడితిమో వారు మరల కనబడుదురు. ఇది అపూర్వమైన పని. కాని తుదిఘట్టమున, ఎవరు ఎట్లు నడచినను ఇంచుమించు ఒకే తీరు ముగింపులు ఎదురైనవని ఆడినవారు గగ్గోలు పెట్టిరి. ఆ సంస్థవారు 2012 జూనులోనే ముగింపును పొడిగించి వెలలేకుండ పంచవలసివచ్చెను. నీ మాట చెల్లునని అడుగడుగున చెప్పి, కడపట చెల్లదన్నచో ఎవనికి కోపము రాదు? మార్గములు పెక్కు వేయుట కష్టము కాదు. వేసిన ప్రతిమార్గమునకు తగిన గమ్యము చూపుట కష్టము. అది చేతగానప్పుడు ఒక్క దారినే చక్కగా నడిపించుట మేలు.

ఇక నన్ను కలవరపెట్టు విషయ మొకటి కలదు. ఈ కథలు నిలుచునా? పైన చెప్పిన రావిచ్, 1971నాటి శిక్షణ ముగియగానే తన ఆటను కాగితముపై తీసికొని, యంత్రమునుండి చెఱిపివేసెను. 1974లో మినెసోటా విద్యా కంప్యూటరు సంస్థలో చేరినపుడు ఆ కాగితములు చూచి మరల ఎక్కించెను. అవి పోయినచో ఆట పోయియుండెడిది. క్రౌథరు తొలిప్రతి యు చిరకాలము కానరాక, 2005లో వుడ్సుయొక్క పాత విద్యార్థిఖాతా నకలులో దొరకినది. అందఱికిని ఇట్టి యదృష్టము లేదు. 2010కి పూర్వము అమెరికాలో వెలువడిన ఆటలలో నూటికి 87 నేడు అంగడిలో దొరకుట లేదని అచటి వీడియోఆటల చరిత్రసంస్థ 2023లో లెక్క తేల్చినది. మన తాళపత్రములకు చెదలు పట్టినను, బ్రౌను దొరవంటివారు వెదకి ప్రతులు వ్రాయించిరి. కన్నులున్న ఎవడైనను చదువగలిగెను. ఈ ఆటకు మాత్రము దాని యంత్రము కూడ బ్రదికియుండవలెను. యంత్రము మూలబడిన నాడు కథయు మూలబడును.

పెద్దలారా! ఈ ఆటలన్నియు మంచివని నేను చెప్పుట లేదు. కాలమును హరించునవి, ధనమును లాగునవి వానిలో కలవు, హద్దు పెట్టవలసినదే. కాని హద్దు పెట్టుటకు ముందు, ఎంతసేపు ఆడితివని మాత్రమే అడుగక, అందు ఏమి చేసితివి, ఎవరిని కాపాడితివి, ఎందుకు అట్లు చేసితివి అని మనుమని దగ్గఱ కూర్చుండబెట్టుకొని అడుగుడు. కథగల ఆటయైనచో వాడు జవాబు చెప్పగలడు. చెప్పుటకేమియు లేకున్నచో, ఆ ఆట విలువ యెంతయో మీకును వానికిని తెలియును.