జైపాల్ సింగ్ ముండా: సెలవు ఇయ్యని ఉద్యోగం, 'జంగ్లీ' అన్న మాట

గ్రూప్స్ కోచింగులో మనకి జైపాల్ సింగ్ ముండా అంటే ఒక్క బిట్టు: 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో హాకీ కెప్టెన్. అంతే. కానీ ముసలితనంలో, 1969లో, ఆయన రాసుకున్న 'లో బీర్ సేంద్ర' అనే జ్ఞాపకాల పుస్తకం ఉంది. ఆయన పోయాక 2004లో గానీ అచ్చుకాలేదు.

ఖూంటీ దగ్గర టక్రా అనే ముండా ఊరు ఆయనది. పశువులు కాసిన పిల్లాడు మిషనరీల బడి నుంచి ఆక్స్‌ఫర్డ్ దాకా వెళ్లి ఐసీఎస్‌కి ఎంపికయ్యాడు. శిక్షణలో ఉండగానే జట్టు కెప్టెన్సీ వచ్చింది. సెలవు అడిగితే ఇవ్వలేదు. ఆయన వెళ్లిపోయాడు! తిరిగొచ్చాక ఇంకో ఏడాది శిక్షణ చెయ్యాలన్నారు. ఆ రోజుల్లో ఐసీఎస్ అంటే మామూలు మాటా? వదిలేశాడు. ఫైనల్‌కి ముందే జట్టుని ఎందుకు విడిచాడన్నది వేరే గొడవ, ఇక్కడ వద్దు.

తర్వాత ఆఫ్రికాలో టీచరు, రాయపూర్ రాకుమార్ కాలేజీ, బికనీర్ సంస్థానంలో కొలువు. సుఖంగానే గడిచేది. 1939లో రాంచీలో ఆదివాసీ మహాసభకి అధ్యక్షత వహించడంతో దారి మారింది. అసలు కష్టం అక్కడే అని మాకు అనిపిస్తుంది. ఇంగ్లీషు సూటు వేసుకున్న మనిషిని ఊరి జనం తమవాడని నమ్మాలి, పట్నం వాళ్లేమో నాయకుడని ఒప్పుకోవాలి. చదువుకుని ఊరికెళ్లిన మనలో ఎవరికి తెలియదు ఆ ఇబ్బంది?

1946 డిసెంబరు 19న రాజ్యాంగ సభలో లేచి, తనని జంగ్లీ అంటారనీ, అందుకు గర్వపడుతున్నాననీ చెప్పాడు. ఆదివాసులకి ప్రజాస్వామ్యం నేర్పలేరు, వాళ్ల దగ్గరే మీరు నేర్చుకోవాలి అన్నాడు. 'ఆదివాసీ' మాటే రాజ్యాంగంలో ఉండాలని పట్టుబట్టాడు, హిందీలో 'వనజాతి' అని ఎందుకు రాస్తున్నారని నిలదీశాడు. ఆ పోరులో ఓడిపోయాడు. మన సర్టిఫికెట్ తీసి చూడండి, ఇప్పటికీ 'షెడ్యూల్డ్ తెగ' అనే ఉంటుంది.

ఆయన జార్ఖండ్ పార్టీ 1952లో బీహార్ అసెంబ్లీలో ప్రధాన ప్రతిపక్షం. 1963లో దాన్ని కాంగ్రెస్‌లో కలిపేశాడు. అది మాకు మింగుడుపడదు. రాష్ట్రం వచ్చింది 2000 నవంబరు 15న, బిర్సా పుట్టినరోజున. ఆయన పోయింది 1970లోనే.