బాణీ ఎవరిది?

పాలంపేట వెళ్ళిన వాళ్ళెవరైనా ముందు రామప్ప గుడిలోని నల్లరాతి మదనికల్నే చూస్తారు. గుడి కట్టించిన రేచర్ల రుద్రుడి పేరు 1213 నాటి శాసనంలో ఉంది. స్తంభాల మీద ఆడుతున్న, మద్దెల వాయిస్తున్న స్త్రీల పేర్లు మాత్రం మనకు తెలియవు.

నేను ఆ ఊరు మొదటిసారి వెళ్ళింది శిల్పాల కోసం కాదు. పరిశోధన చేసే రోజుల్లో బతుకమ్మ పాటలూ, నాట్ల పాటలూ రికార్డు చేసుకోవడానికి. ప్రతి పాట కిందా 'కర్త: అజ్ఞాతం' అని రాసుకుంటున్నాను. పాడుతున్న అవ్వ ఆపి "ఏం రాస్తున్నవు బిడ్డా?" అనడిగింది. చెప్పాను. "తెల్వకపోవుడేంది? చెరువు కింద నాటేసేటప్పుడు మా అత్త కట్టింది ఈ పాట. ఆఖర్ల రెండు మాటలు నేను కలిపిన" అంది. సిగ్గేసింది. అంతవరకూ ఎవరు కట్టారని నేను ఒక్కరినీ అడగలేదు. ఆడవాళ్ళు పాడతారని తెలుసు. కడతారన్న ఊహే రాలేదు.

ఊరి పాట కాగితం మీదికి ఎక్కలేదు కాబట్టి పేరు పోయిందని సరిపెట్టుకోవచ్చు. మరి తెర మీద పేరు పడే సినిమా పాట సంగతేమిటి? ఆ ప్రశ్నతో వెతికితే నాకు భానుమతి కొత్తగా కనిపించారు.

1925లో ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టి, తండ్రి బొమ్మరాజు వెంకట సుబ్బయ్య దగ్గర సంగీతం నేర్చుకుని, 1939లో 'వరవిక్రయం'తో తెర మీదికి వచ్చిన భానుమతి మనకు నటిగా, గాయనిగా, 'అత్తగారి కథల' రచయిత్రిగా బాగా తెలుసు. 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో డైరెక్ట్ చేసిన సంగతీ తెలుసు. మరుసటి ఏడాది వచ్చిన 'చక్రపాణి'కి సంగీత దర్శకురాలు కూడా ఆమేనని ఎంతమందికి గుర్తుంది? ఆ సినిమాలోని జోలపాటను ఇప్పటికీ 'భానుమతి పాడిన పాట' అంటాం. 'భానుమతి కట్టిన పాట' అనం. నేనూ నా నోట్సులో ఆ పాటను గాయని పేరు కిందే చేర్చుకున్నాను.

పాడటానికీ కట్టడానికీ మధ్య తేడా చిన్నది కాదు. గాయని ఇచ్చిన బాణీని పాడుతుంది. సంగీత దర్శకురాలు బాణీ నిర్ణయిస్తుంది. ఏ వాద్యం ఎక్కడ మోగాలో, ఎక్కడ ఆగాలో వాయిద్యకారులకు చెప్తుంది. ఆడగొంతు కావాలనుకున్న పరిశ్రమ ఆడదాని మాట చెల్లడానికి అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. భానుమతికి అది సాధ్యపడటానికి ప్రతిభ ఒక్కటే కారణం కాదు. ఆమె, భర్త పి.ఎస్. రామకృష్ణారావు కలిసి నడిపిన భరణీ పిక్చర్స్ ఉంది. 'చక్రపాణి' ఆ సంస్థ చిత్రమే, దర్శకుడు ఆయనే. అవకాశం ఇవ్వమని మరొకరి గుమ్మం ముందు నిలబడాల్సిన పని లేదు. ఆ తర్వాత 'అంతా మన మంచికే' (1972) సంగీతంలోనూ ఆమె భాగం ఉంది. సొంత సంస్థ లేని స్త్రీల బాణీలు ఎన్ని వాళ్ళ గొంతుల్లోనే ఉండిపోయాయో!

1968లో సావిత్రి డైరెక్ట్ చేసిన 'చిన్నారి పాపలు'కు పి. లీల సంగీతం ఇచ్చారు. ముఖ్యమైన శాఖలు చాలావాటిని స్త్రీలే చూసుకున్న సినిమా అది. ఆడలేదు. లీలను మనం గాయనిగానే గుర్తుంచుకున్నాం. హిందీలో 1930లలోనే బాంబే టాకీస్‌కు సరస్వతీ దేవి, 1959 నుంచి ఉషా ఖన్నా బాణీలు కట్టారు. తెలుగులో 1990లలో ఎం.ఎం. శ్రీలేఖ వచ్చారు. పేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటట్టే ఉన్నాయి.

2005 డిసెంబరులో భానుమతి చనిపోయారు. ఆమె గురించి రాసే ప్రతి వ్యాసంలోనూ 'బహుముఖ ప్రజ్ఞాశాలి' అన్న మాట ఉంటుంది. మెచ్చుకోలే, కాదనను. కానీ ఆ మాట అన్నాక ఏ ముఖాన్నీ విడిగా పరిశీలించే పని మనకు తప్పిపోతుంది. మగ సంగీత దర్శకుడి బాణీల గురించి రాగం పేరు చెప్పి పేజీలు రాస్తాం. ఆమె బాణీలను ఆమె ఇతర విద్యల జాబితాలో ఒక కామాతో దాటేస్తాం. పాలంపేటలో నేను చేసిందీ అదే. ఇక్కడ కామా, అక్కడ 'అజ్ఞాతం'.

తర్వాత మళ్ళీ పాలంపేట వెళ్ళాను. అవ్వ అత్తగారి పేరు అడిగి ఆ పాట కింద రాశాను, పక్కనే అవ్వ పేరు కూడా. మిగతా పాటల సంగతి అడుగుదామంటే, చెప్పగలిగిన ఇద్దరు అప్పటికే లేరు. ఆ పాటల కింద 'అజ్ఞాతం' అలాగే ఉంది. ఆ తప్పు పాటది కాదు, నాది.

మీ ఇంట్లో అమ్మో అమ్మమ్మో పాడే పాట ఉంటే, ఎవరు కట్టారని ఈసారి అడిగి చూడండి.