రాజకీయ ప్రముఖుల ఎన్‌గ్రేవింగ్ చిత్తరువుల సేకరణ

చరిత్రలోని రాజులు, మంత్రులు, సేనానులు మొదలైన రాజకీయ ప్రముఖుల రూపాలను లోహపు రేకుపై చెక్కి, ఆ రేకుతో కాగితంపై అచ్చు వేసిన బొమ్మలను సంపాదించి, వర్గీకరించి, భద్రపరచే అభిరుచిని ఎన్‌గ్రేవింగ్ చిత్తరువుల సేకరణ అంటారు. ఐరోపాలో 17వ శతాబ్దంలో పుంజుకున్న ఈ అభిరుచి 18వ శతాబ్దంలో ఇంగ్లాండులో ఒక ఉద్యమంలాగా వ్యాపించింది. 1839లో ఫోటోగ్రఫీ వెలుగులోకి రాకముందు, దూరాన ఉన్న పాలకుని ముఖం సామాన్యులకు తెలియడానికి నాణెం, ముద్రిత చిత్తరువు ముఖ్యమైన సాధనాలుగా ఉండేవి. అందువలన ఈ చిత్తరువులు కళాఖండాలు మాత్రమే కాక చారిత్రక ఆధారాలు కూడా. అయితే వాటిలో కనిపించే ముఖం ప్రతిసారీ ఆ వ్యక్తి ముఖమే కానవసరం లేదు. ఏది నిజమైన పోలిక, ఏది కల్పితం అని తేల్చడం ఈ అభిరుచిలో ముఖ్యమైన భాగం.

తయారీ పద్ధతులు

సేకర్తలు చిత్తరువులను ముందుగా తయారీ పద్ధతిని బట్టి గుర్తిస్తారు. వీటిలో ముఖ్యమైనవి:

రేఖా ఎన్‌గ్రేవింగ్: నునుపు చేసిన రాగి రేకుపై బ్యూరిన్ అనే ఉక్కు పనిముట్టుతో గీతలు చెక్కుతారు. రేకుకు సిరా పూసి పైభాగాన్ని తుడిస్తే గీతలలో మాత్రమే సిరా మిగులుతుంది. తడిపిన కాగితాన్ని దానిపై ఉంచి యంత్రంలో గట్టిగా నొక్కితే బొమ్మ కాగితం మీదికి వస్తుంది. రేకుపై చెక్కినదానికి ఇది కుడి ఎడమలు తారుమారైన రూపం.

ఎచింగ్: రేకుపై మైనం వంటి పూత పూసి, సూదితో పూతను గీకి, ఆమ్లంలో ముంచుతారు. పూత పోయిన చోట ఆమ్లం లోహాన్ని తినివేసి గీతలు ఏర్పరుస్తుంది.

మెజోటింట్: రేకు అంతటినీ ముందు గరుకుగా చేస్తారు. అలాగే ముద్రిస్తే కాగితం పూర్తిగా నల్లగా వస్తుంది. వెలుగు కావలసిన చోట్ల రేకును గీకి నునుపు చేస్తూ బొమ్మను తీసుకువస్తారు. చర్మం, పట్టుబట్ట, వెంట్రుకలు వంటివి ఇందులో సహజంగా కనిపిస్తాయి. కానీ రేకు త్వరగా అరిగిపోవడం వలన మంచి ప్రతులు తక్కువగా వస్తాయి.

ఉక్కు రేకు ఎన్‌గ్రేవింగ్: 1820ల నుండి రాగికి బదులుగా ఉక్కు వాడకం పెరిగింది. ఒకే రేకుతో వేల ప్రతులు తీయడం సాధ్యమై చిత్తరువులు చౌక అయ్యాయి.

చరిత్ర

జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1519లో బ్రాండెన్‌బర్గ్ కార్డినల్ ఆల్బ్రెక్ట్ చిత్తరువును రాగి రేకుపై చెక్కి, ఆ రేకుతో పాటు 200 ప్రతులను కార్డినల్‌కు అందజేశాడు. 1524లో సాక్సనీ పాలకుడు ఫ్రెడరిక్ చిత్తరువును కూడా చెక్కాడు. పాలకుల చిత్తరువు ఒక తైలవర్ణ చిత్రంగా కోటగోడకు పరిమితం కాకుండా వందల చేతులలోకి వెళ్ళగలదని ఇటువంటి పనులు చూపించాయి.

ఫ్రాన్సులో రాబర్ట్ నాంత్యూయ్ (మరణం 1678) 200కు పైగా చిత్తరువులను చెక్కాడు. వాటిలో 14వ లూయీ రాజు, మంత్రి మజారిన్ చిత్తరువులు ప్రసిద్ధమైనవి. 1660లో లూయీ జారీ చేసిన శాసనం ఎన్‌గ్రేవింగ్‌ను చేతిపనుల వరుస నుండి తప్పించి ఉదాత్త కళగా గుర్తించింది. మెజోటింట్ పద్ధతిలో మొట్టమొదటి బొమ్మ కూడా ఒక పాలకురాలిదే. 1642లో లుడ్విగ్ ఫాన్ సీగెన్ తయారుచేసిన ఆ చిత్తరువు, జర్మనీలోని హెస్సె-కాసెల్ రాజ్యాన్ని తన కుమారుని తరఫున పాలించిన అమేలియా ఎలిజబెత్‌ది.

ఇంగ్లాండులో జాన్ ఈవ్లిన్, శామ్యూల్ పీప్స్ తొలితరం సేకర్తలలో పేరుపొందినవారు. ఈవ్లిన్ 1662లో ఎన్‌గ్రేవింగ్ కళపై "స్కల్ప్‌చురా" అనే పుస్తకాన్ని ప్రచురించాడు. 1689లో పీప్స్‌కు రాసిన దీర్ఘమైన లేఖలో ప్రముఖుల చిత్తరువులను, పతకాలను కూడబెట్టడం గురించి చర్చించాడు. పీప్స్ గ్రంథాలయం, అతడు సేకరించిన ముద్రిత చిత్రాలతో సహా, 1724లో కేంబ్రిడ్జిలోని మాడ్లిన్ కళాశాలకు చేరింది.

గ్రేంజర్ జాబితా

ఈ అభిరుచికి ఒక క్రమాన్ని ఏర్పరచినవాడు జేమ్స్ గ్రేంజర్ (1723 - 1776). ఇతడు ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని షిప్‌లేక్ గ్రామంలో చర్చి మతగురువు. 1769లో ఇతడు ప్రచురించిన "బయోగ్రాఫికల్ హిస్టరీ ఆఫ్ ఇంగ్లాండ్" పేరుకు జీవిత చరిత్రల గ్రంథమే కాని, నిజానికి చిత్తరువుల జాబితా. ప్రాచీన రాజు ఎగ్‌బర్ట్ నుండి 1688 నాటి విప్లవం వరకు, చిత్తరువు అచ్చయిన ప్రతి ఒక్కరినీ ఇందులో 12 తరగతులుగా విభజించాడు. మొదటి తరగతి రాజులు, రాణులు. రెండవది రాజ్యంలోని ఉన్నతాధికారులు. ఇలా దిగుతూ చివరి తరగతిలో నేరస్థులను, వింత రూపం గలవారిని, చాలాకాలం బ్రతికిన కారణంగా పేరుపొందిన సామాన్యులను చేర్చాడు.

ఈ పుస్తకాన్ని గ్రేంజర్ హోరేస్ వాల్పోల్‌కు అంకితమిచ్చాడు. ప్రధానమంత్రి రాబర్ట్ వాల్పోల్ కుమారుడైన హోరేస్ స్వయంగా పేరుమోసిన సేకర్త. గ్రేంజర్ కూడబెట్టిన 14,000కు పైగా చిత్తరువులు ఇతని మరణానంతరం 1778లో అమ్ముడై చెదిరిపోయాయి.

చించిన పుస్తకాలు

గ్రేంజర్ పుస్తకంలో బొమ్మలు లేవు. చదువరులు ఆ లోటును తామే పూరించుకోసాగారు. చరిత్ర గ్రంథాన్ని విప్పి, అందులో పేరు వచ్చిన ప్రతి వ్యక్తి చిత్తరువును సంపాదించి, పుటల మధ్య చేర్చి తిరిగి బైండు చేయించేవారు. గ్రేంజర్ పేరు మీదుగా ఈ పనికి ఇంగ్లీషులో "గ్రేంజరైజ్" అనే క్రియాపదం ఏర్పడింది.

దీని ఫలితం రెండు విధాలుగా ఉంది. మొదటిది నష్టం. 1769కి ముందు ఏ ఆంగ్ల చిత్తరువుకైనా అయిదు షిల్లింగులు మంచి వెలగా ఉండేది. గ్రేంజర్ పుస్తకం వచ్చిన తరువాత, చిత్తరువులున్న పాత పుస్తకాల వెలలు అయిదు రెట్ల వరకు పెరిగాయి. బొమ్మల కోసం పుటలను చించడం వలన అటువంటి పుస్తకాలు చెక్కుచెదరకుండా దొరకడం అరుదైంది.

రెండవది లాభం. విడి కాగితాలుగా నశించిపోయే వేలకొలది బొమ్మలు ఈ బైండు పుస్తకాలలో నిలిచాయి. లండన్‌కు చెందిన అలెగ్జాండర్ సదర్లాండ్ 1795లో ఈ పని మొదలుపెట్టాడు. ఇంగ్లాండు అంతర్యుద్ధంపై క్లారెండన్ రచించిన చరిత్రకు, బర్నెట్ రచించిన సమకాలీన చరిత్రకు చిత్తరువులు చేర్చసాగాడు. 1820లో అతడు మరణించగా భార్య షార్లెట్ ఆ పనిని కొనసాగించి, 1837లో 60కి పైగా భారీ సంపుటాలను ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయానికి దానం చేసింది. వీటిలో ఒక్క మొదటి చార్లెస్ రాజు చిత్తరువులే 700కు మించి ఉన్నాయి. అతనిపై పోరాడి గెలిచిన ఆలివర్ క్రామ్వెల్ చిత్తరువులు 370 దాటాయి. ఈ సేకరణ తరువాతి కాలంలో ఆష్మోలియన్ మ్యూజియంకు చేరింది.

తలలు మారిన రేకులు

రాగి రేకు ఖరీదైన వస్తువు. దానిపై గుర్రాన్ని, కవచాన్ని, దుస్తులను చెక్కడానికి చాలాకాలం పట్టేది. పాలకుడు మారినప్పుడు రేకును పారవేయడానికి బదులు, ముఖాన్ని మాత్రం చెరిపి కొత్త ముఖం చెక్కడం ప్రచురణకర్తలకు లాభసాటిగా ఉండేది.

దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ పియర్ లోంబార్ చెక్కిన గుర్రపు రౌతు చిత్తరువు. దీనికి ఆధారం మొదటి చార్లెస్ రాజు గుర్రంపై ఉన్నట్లు చిత్రకారుడు వాన్ డైక్ వేసిన తైలవర్ణ చిత్రం. చార్లెస్‌కు 1649లో శిరచ్ఛేదం జరిగింది. 1650లలో లోంబార్ రేకుపై ఆ రాజు శరీరానికి అతని శత్రువైన క్రామ్వెల్ తలను అమర్చారు. అదే రేకుపై తరువాత 14వ లూయీ తల, చార్లెస్ తల కూడా కనిపించాయి. తల చెరిపివేసిన దశలో తీసిన ప్రతి కారణంగా దీనికి "తలలేని రౌతు" అనే పేరు వచ్చింది.

అమెరికాలో కూడా ఇటువంటివి జరిగాయి. 1775లో లండన్‌లో వెలువడిన జార్జ్ వాషింగ్టన్ మెజోటింట్‌పై, అలెగ్జాండర్ కాంప్‌బెల్ అనే వ్యక్తి ఎదుట చూసి గీసినట్లు రాసి ఉంది. ఆ కాంప్‌బెల్‌ను తాను ఎన్నడూ చూడలేదని వాషింగ్టన్ 1776లో ఒక మిత్రునికి రాసిన లేఖలో తెలిపాడు. 1852లో అలెగ్జాండర్ రిచీ చెక్కిన జాన్ కాల్హూన్ చిత్తరువు శరీరంపై, తరువాత అబ్రహాం లింకన్ తలను ఉంచి విలియం పేట్ ప్రచురించాడు. కాల్హూన్ బానిసత్వాన్ని సమర్థించిన నాయకుడు, లింకన్ దానిని రద్దు చేయించినవాడు. బల్లపై కాగితాల మీద ఉన్న "రాష్ట్రాల సార్వభౌమత్వం" అనే అర్థమిచ్చే మాటల స్థానంలో, బానిసల విముక్తి ప్రకటనను సూచించే మాటలు చేర్చారు.

పోలిక నిజమైనదా అనే ప్రశ్నను 18వ శతాబ్దపు సేకర్తలే లేవనెత్తారు. థామస్ బర్చ్ రచనతో 1743 నుండి వెలువడిన ఆంగ్ల ప్రముఖుల చిత్తరువులలో అధికభాగాన్ని ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉండి యాకబ్ హౌబ్రాకెన్ చెక్కాడు. తనకు పంపిన చిత్రాలు అసలైనవేనా అని అతడు విచారించలేదని హోరేస్ వాల్పోల్ విమర్శించాడు. సోమర్సెట్ ప్రభువు రాబర్ట్ కార్, క్రామ్వెల్ కార్యదర్శి జాన్ థర్లో చిత్తరువులను ఇందుకు ఉదాహరణలుగా చూపాడు.

ఒక చిత్తరువును పరిశీలించే విధానం

దశ: రేకుపై మార్పు చేసిన ప్రతిసారీ ఏర్పడే రూపాన్ని దశ అంటారు. పేరు, అక్షరాలు చెక్కకముందు తీసిన ప్రతులు తొలి దశవి. ఒకే రేకు వివిధ దశల ప్రతులను పక్కపక్కన పెట్టినప్పుడే తల మార్పిడి వంటివి బయటపడతాయి. ఒకే బొమ్మ ప్రతులు అనేకం కూడబెట్టడం వృథా కాకపోవడానికి ఇదే కారణం.

అడుగు రాతలు: చిత్తరువు కింద లాటిన్ మాటలు సంక్షిప్తంగా ఉంటాయి. "పిన్క్సిట్" అన్న మాటకు పక్కన ఉన్నది మూలచిత్రం వేసినవాని పేరు. "స్కల్ప్‌సిట్" పక్కన ఉన్నది చెక్కినవాని పేరు, "ఎక్స్‌కుడిట్" పక్కన ఉన్నది ప్రచురణకర్త పేరు.

తేదీ: బ్రిటన్‌లో 1735 నాటి ఎన్‌గ్రేవింగ్ హక్కుల చట్టం కింద రక్షణ పొందడానికి హక్కుదారు పేరు, ప్రచురణ తేదీ రేకుపై ఉండాలి. అందువలన ఆ తరువాతి బ్రిటిష్ చిత్తరువుల కాలాన్ని నిర్ణయించడం సులభం. అయితే ఆ తేదీ రేకుది. అరిగిన రేకుతో చాలాకాలం తరువాత తీసిన ప్రతిపై కూడా అదే తేదీ ఉంటుంది.

కాగితం: 18వ శతాబ్దం మధ్యవరకు వాడిన కాగితాన్ని వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే సమాంతర గీతలు కనిపిస్తాయి. గీతలు లేని నునుపు కాగితం 1750ల తరువాత వాడుకలోకి వచ్చింది. కాగితంలోని నీటిముద్ర కూడా కాలనిర్ణయానికి ఉపయోగపడుతుంది.

రేకు అంచు గుర్తు: యంత్రంలో నొక్కినప్పుడు రేకు అంచులు కాగితంపై పల్లంగా గుర్తు వేస్తాయి. అంచులు కత్తిరించిన ప్రతులలో ఇది కనిపించదు.

చుక్కలు: భూతద్దం కింద ఒకే దూరంలో అమరిన చుక్కలు కనిపిస్తే అది సాధారణంగా ఎన్‌గ్రేవింగ్ కాదు, 1880ల తరువాత వ్యాపించిన హాఫ్‌టోన్ పద్ధతిలో తీసిన నకలు.

ప్రభుత్వ సేకరణలు, జాబితాలు

1856లో లండన్‌లో నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ ఏర్పాటైంది. బ్రిటిష్ మ్యూజియంలోని బ్రిటిష్ ప్రముఖుల ఎన్‌గ్రేవింగ్ చిత్తరువుల జాబితా 1908 - 1925 మధ్య 6 సంపుటాలుగా వెలువడింది. దీనిని ప్రారంభించినవాడు ఫ్రీమన్ ఓడనహ్యూ. వాషింగ్టన్ ఒక్కని చిత్తరువులపై విలియం బేకర్ 1880లో ఒక జాబితాను ప్రచురించాడు. ఇంటర్నెట్ వచ్చిన తరువాత ప్రధాన మ్యూజియంలు తమ చిత్తరువులను అంతర్జాలంలో ఉంచడంతో, వేర్వేరు దేశాలలో ఉన్న ప్రతులను ఒకేచోట పోల్చి చూసే అవకాశం కలిగింది.

భద్రపరచడం

చిత్తరువులకు వెలుగు, తేమ, ఆమ్లం శత్రువులు. ఆమ్లం లేని కాగితపు మడతలలో వీటిని ఉంచాలి. జిగురు టేపు, సాధారణ అట్ట వాడరాదు. ప్రదర్శనలో వెలుగు 50 లక్స్‌కు మించకుండా మ్యూజియంలు జాగ్రత్త పడతాయి. అంచులను కత్తిరించడం వలన ప్రచురణకర్త పేరు, తేదీ పోయి, చిత్తరువు ఆధారంగా పనికివచ్చే విలువ తగ్గుతుంది. చిత్తరువు పాత పుస్తకంలో భాగంగా దొరికినప్పుడు దానిని చించకుండా పుస్తకంతోనే ఉంచడం మంచిది. అది ఏ సంవత్సరంలో, ఏ రచనతో, ఎవరి కోసం వెలువడిందో చెప్పే సాక్ష్యం ఆ పుస్తకమే.

ఇవి కూడా చూడండి

నాణేల సేకరణ
తపాలా బిళ్ళల సేకరణ
ముద్రణ చరిత్ర
ఆల్బ్రెక్ట్ డ్యూరర్
ఆలివర్ క్రామ్వెల్