హేల్ కౌంటీకి ముఖం ఎలా వచ్చింది

అమెరికా దక్షిణాదిన అలబామా రాష్ట్రంలో, పడమటి వైపు నల్లరేగడి నేలల్లో, హేల్ కౌంటీ ఉంది. కౌంటీ అంటే మన పాత తాలూకా లాంటి పాలనా విభాగం. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనం 15 వేలకు లోపే. గ్రీన్స్‌బరో అనే చిన్న పట్నమే దానికి కేంద్రం. అయినా ఫోటోగ్రఫీ చరిత్రలో ఈ కౌంటీకి ఉన్న పేరు ఎన్నో మహానగరాలకు లేదు. 1936 వేసవిలో వాకర్ ఎవాన్స్ ఇక్కడ తీసిన ఒక ఫోటో అందుకు కారణం. రంగు వేయని చెక్క గోడ ముందు, పెదవులు బిగబట్టి, సూటిగా కెమెరాలోకి చూస్తున్న ఓ కౌలురైతు భార్య ముఖం అది. ఆర్థిక మాంద్యం మీద వచ్చే పుస్తకాల్లో ఈ ముఖం తరచూ కనిపిస్తుంది. దాన్ని చూసినవాళ్లు హేల్ కౌంటీని చూశామనే అనుకుంటారు. ఆ అనుకోవడంలోనే చిక్కుంది. అది న్యూయార్క్‌లోని ఒక పత్రిక తనకు కావలసినదేమిటో చెప్పి తెప్పించుకున్న ముఖం. పాత ఫోటో ఎంత గొప్పదైనా, దానికి ముందు ఏం తీశారు, అదే రోజుల్లో పక్కన ఏం తీశారు, తరవాత ఏం తీశారు అన్నది వరసలో పెట్టి చూడనిదే అది స్థానిక చరిత్ర కాలేదు. హేల్ కౌంటీ విషయంలో ఆ వరస పెట్టడానికి కావలసిన సామగ్రి ఉంది. అందులోని ఖాళీలు కూడా స్పష్టంగానే కనిపిస్తాయి.

కౌంటీ పుట్టింది 1867 జనవరిలో. అంతర్యుద్ధంలో ఓడిన దక్షిణాది మళ్లీ కుదురుకుంటున్న రోజులవి. చుట్టుపక్కల నాలుగు కౌంటీల నుంచి నేల కోసి దీన్ని చేశారు. 1862లో యుద్ధంలో చనిపోయిన దక్షిణ సైన్యాధికారి స్టీఫెన్ హేల్ పేరు పెట్టారు. కౌంటీ పుట్టిన ఏడాదే, జూన్‌లో, గ్రీన్స్‌బరోలో, కొత్తగా ఓటు హక్కు పొందబోతున్న నల్లజాతివారిని జాబితాలో చేర్చే అధికారిగా నియమితుడైన అలెగ్జాండర్ వెబ్ అనే నల్లజాతీయుణ్ణి కాల్చి చంపారు. ఈ రెండు సంగతులూ కాగితాల మీద ఉన్నవే, ఫోటోల్లో దొరికేవి కావు. కెమెరా శ్రద్ధగా చూసింది వేరే వాటిని. కౌంటీ ఉత్తరపు అంచున మౌండ్‌విల్ దగ్గర, సుమారు వెయ్యేళ్ల కిందటి ఆదివాసుల మట్టి దిబ్బలున్నాయి. 1905, 1906ల్లో క్లారెన్స్ మూర్ అనే పురావస్తు పరిశోధకుడు వాటిని తవ్వించాడు. బయటపడిన కుండలూ రాతి పళ్లేలూ బొమ్మలతో సహా ఫిలడెల్ఫియాలో అచ్చయ్యాయి. వెయ్యేళ్ల కిందటి మనుషుల పళ్లేలు అచ్చుకెక్కిన ఆ కాలంలోనే, ఆ దిబ్బల చుట్టూ పత్తి తీస్తున్న మనుషుల్ని వెతికి ఫోటో తీసే పని ఎవరికీ పడలేదు. అంతర్యుద్ధంలో అలబామా పత్తి ఇంగ్లండు మిల్లులకు అందక, కాకినాడ రేవు నుంచి వెళ్లే మన పత్తికి ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. ఆ మాత్రం చుట్టరికం ఆ నేలతో మనకూ ఉంది.

1930ల నడుమకు వచ్చేసరికి ప్రభుత్వ కెమెరాలు ఈ ప్రాంతానికి రెండు దారుల్లో వచ్చాయి. పేరుబడ్డ ఫోటోల మోజులో పడి చాలామంది మొదటి దారిని మరిచిపోతారు. పనిలేని భవనశిల్పులకు పని చూపించడానికి 1933 చివర మొదలైన చారిత్రక భవనాల సర్వే అది. దాని తరఫున అలెక్స్ బుష్ అనే ఫోటోగ్రాఫర్ అలబామా అంతా తిరిగి తెల్ల స్తంభాల తోటబంగళాలను తీశాడు. గ్రీన్స్‌బరోలోని మాగ్నోలియా గ్రోవ్ అలా రికార్డుకెక్కినదే. సుమారు 1840లో పత్తి డబ్బుతో కట్టిన ఇల్లది. రెండో దారి కరువు పట్టిన పల్లెల మీద పనిచేసే పునరావాస శాఖది. 1937 నుంచి దాన్ని ఫార్మ్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్ అన్నారు. వాకర్ ఎవాన్స్ ఆ శాఖ ఉద్యోగే. ఇలా ఒకే సర్కారు, ఒకే దశకంలో, ఒకే కౌంటీని రెండు విధాలుగా తీయించింది. ఒక పెట్టెలో బంగళాలు చేరాయి, ఇంకో పెట్టెలో గుడిసెలు. బంగళా ఫోటోల్లో మనుషులు దాదాపు ఉండరు. గుడిసెల ఫోటోల్లో యజమాని దాదాపు కనిపించడు. రెండు పెట్టెలూ ఇప్పుడు వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోనే ఉన్నాయి. అయినా బంగళాకీ గుడిసెకీ ఉన్న సంబంధం, అంటే పంటలో సగం ఎటు నడిచిపోయిందన్న లెక్క, ఒక్క పెట్టె తెరిస్తే తేలదు.

ఎవాన్స్ ఇక్కడికి వచ్చిన తీరులోనే ఒక మెలిక ఉంది. ‘ఫార్చ్యూన్’ పత్రిక, మామూలు తెల్లజాతి కౌలు కుటుంబం ఒకటి ఎలా బతుకుతోందో రాసుకు రమ్మని రచయిత జేమ్స్ ఏజీని పంపింది. ఏజీ ఎవాన్స్‌ను తోడు కోరాడు. నెగెటివ్‌లు సర్కారుకే చెందాలన్న షరతు మీద శాఖ అతన్ని ఎరువిచ్చింది. జూలై, ఆగస్టుల్లో మౌండ్‌విల్‌కు దగ్గర్లోని ఒక గుట్ట మీద ఉన్న మూడు కుటుంబాలను ఇద్దరూ పట్టుకున్నారు. పత్రిక ఆ వ్యాసాన్ని వేసుకోలేదు. ఏజీ దాన్ని పెంచి పెంచి రాసిన పుస్తకం 1941లో వచ్చింది. మొదటి ఏడాది అమ్ముడుపోయినవి 600 ప్రతులు, అంతే. 1960లో మళ్లీ అచ్చయ్యాకే దానికి పేరొచ్చింది. పుస్తకంలో కుటుంబాల పేర్లు మార్చారు, ఊళ్ల పేర్లు కూడా మార్చారు. ఫోటోలను శీర్షిక పుటకన్నా ముందే, కింద ఒక్క ముక్క వివరణ లేకుండా పెట్టారు. మరి హేల్ కౌంటీ అన్న పేరు లోకానికి ఎలా తెలిసింది? సర్కారు ఫైలులోని ఫోటోల కింద రాసి ఉంది కాబట్టి. పుస్తకం దాచిన ఊరినీ అసలు పేర్లనూ ఒక గుమాస్తా టైపు చేసిన వాక్యం బయటపెట్టింది. పరువు కాపాడాలన్న రచయిత జాగ్రత్తా, పత్రం సరిగ్గా ఉండాలన్న ఆఫీసు జాగ్రత్తా అక్కడ ఒకదాన్నొకటి ఢీకొన్నాయి. అందువల్ల చరిత్రకారుడికి మేలు జరిగింది. ఆ కుటుంబాలకు జరిగిందని మాత్రం చెప్పలేం. తమ పేదరికాన్ని ప్రదర్శనకు పెట్టారని వారి వారసుల్లో కొందరు తరవాతి కాలంలో బాధపడ్డారు, కోపగించుకున్నారు కూడా.

ఈ ఫోటోలు ఎంతవరకు నిజమన్నది పాత వివాదమే. ఏజీ తన పుస్తకంలో ఒక ఇంటి సామాన్లను చీపురుపుల్లతో సహా జాబితా రాశాడు. పొయ్యి మీది అరలో ఏమేం ఉన్నాయో కూడా రాశాడు. ఎవాన్స్ ఫోటోలో ఆ అర మీద ఒక అలారం గడియారం ఉంది. ఏజీ జాబితాలో అది లేదు. గడియారం ఎవరు పెట్టారన్న దాని మీద పండితులు బోలెడు సిరా ఖర్చుపెట్టారు. ఇంత చిన్న వస్తువుకు అంత రభస అక్కరలేదనిపిస్తుంది. ఎవాన్స్ ఎంపికలు అంతకన్నా పెద్ద సాక్ష్యం. ఆ కౌలురైతు భార్యను అతను ఒక్కసారి తీయలేదు. చెక్క గోడ ముందే పెద్ద కెమెరాతో నాలుగు నెగెటివ్‌లు తీశాడు. ఒకదానికీ ఇంకోదానికీ ముఖంలో భావం మారుతుంది. 1938లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ ప్రదర్శనతో పాటు వచ్చిన పుస్తకంలో ఒకటి వాడారు, 1941 పుస్తకంలో ఇంకొకటి. ఉతికిన బట్టలు కట్టుకుని కుటుంబమంతా వరసగా నిలబడి తీయించుకున్న ఫోటో కూడా ఫైలులో ఉంది. అది పుస్తకంలోకి రాలేదు. తీసినవాడికి ఆ ఫోటో మామూలు స్టూడియో బొమ్మలా తోచి ఉండొచ్చు. తీయించుకున్నవాళ్లు తమను లోకం ఎలా చూడాలనుకున్నారో చెప్పే ఫోటో మాత్రం అదొక్కటే. ఎవాన్స్ మోసం చేశాడు కాబట్టి ఫోటోలు పనికిరావనేవారు ఇక్కడే పొరపడుతున్నారు. ఏరివేసినవి కూడా పారేయకుండా దాచిన ఫైలు ఉన్నప్పుడు, ఏరిన తీరే ఒక ఆధారమవుతుంది. పుస్తకం ఒక్కటే మిగిలి ఉంటే మనకు ఆ సౌకర్యం ఉండేది కాదు.

గడియారం కన్నా చాలా పెద్ద లోటు ఇంకొకటి ఉంది. ఆ మూడు కుటుంబాలూ తెల్లవారివే. అప్పటికీ ఇప్పటికీ హేల్ కౌంటీలో ఎక్కువమంది నల్లజాతివారు. పత్తి సాగులో అట్టడుగున ఉన్నదీ వారే. ‘ఫార్చ్యూన్’ అడిగింది తెల్లజాతి కుటుంబాన్ని. కాబట్టి కౌంటీకి దొరికిన ముఖం దానిలోని మైనారిటీ ముఖం. దీనికో అభ్యంతరం వస్తుంది. అదే శాఖ నల్లజాతివారిని బాగానే తీయించింది కదా, 1937లో ఆర్థర్ రాత్‌స్టైన్ దక్షిణాన విల్‌కాక్స్ కౌంటీలోని గీస్ బెండ్‌లో నల్లజాతి కౌలురైతుల్నే తీశాడు కదా అంటారు. నిజమే. దేశం మొత్తానికి చూస్తే ఆ లక్షన్నరకు పైబడ్డ నెగెటివ్‌లలో లెక్క కొంత సర్దుకోవచ్చు. కౌంటీ చరిత్రను దేశపు సగటుతో పూడ్చడం కుదరదు. గీస్ బెండ్ మనుషులు గీస్ బెండ్ వాళ్లే, గ్రీన్స్‌బరో వీధిలో నడిచినవాళ్లు వేరు. ఏజీకి ఈ సంగతి తెలుసు. పత్రిక వేసుకోని అతని వ్యాసం 2013లో పుస్తకంగా వచ్చినప్పుడు, చివర నల్లజాతివారి మీద ఒక అనుబంధం, భూస్వాముల మీద ఇంకో అనుబంధం కనిపించాయి. రాత అనుబంధమైనా పెట్టగలిగింది. ఎవాన్స్ తీసిన కుటుంబ చిత్రాల్లో ఆ రెండు వర్గాలకూ చోటు లేదు.

ఫోటో చెప్పలేనిది ఇంకా ఉంది. మూడు కుటుంబాలూ ఫోటోల్లో ఒకే రకం పేదలు. అవే చెక్క గోడలు, అవే వట్టి కాళ్లు. ఫైలులో వీళ్లందరికీ తగిలించిన గుర్తు కూడా ఒకటే: పాలుకు చేసే పత్తి రైతు. ఏజీ లెక్కలు చూస్తే తేడా తెలుస్తుంది. సొంత కంచరగాడిద లేని కుటుంబం పత్తిలో సగం, మొక్కజొన్నలో సగం యజమానికి కొలిచేది. గాడిదా పనిముట్లూ ఉన్న మిగతా రెండు కుటుంబాలూ పత్తిలో మూడో వంతు, మొక్కజొన్నలో నాలుగో వంతు ఇచ్చేవి. ఒక గాడిద ఉండటం, లేకపోవడం ఏడాది బతుకును ఎంత మారుస్తుందో మన కౌలురైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. గాడిదను ఫోటో తీయొచ్చు, వాటాను తీయలేం. అందుకని పాత ఫోటోలతో కౌంటీ చరిత్ర కూర్చేవాళ్లు ప్రతి ఫోటో పక్కనా ఒక లెక్కల పుస్తకమో, కోర్టు కాగితమో, జనాభా పట్టికో పెట్టక తప్పదు. దక్షిణాది కౌంటీల మీద వచ్చే చాలా బొమ్మల పుస్తకాలు ఈ పని చేయవు. రైలు స్టేషను, చర్చి, బేస్‌బాల్ జట్టు, వరదలో మునిగిన వీధి, ఇంకో రెండు బంగళాలు వేసి చరిత్ర అయిందనిపిస్తాయి.

ఎవాన్స్ ఫోటోలను ఊరివాళ్ల చరిత్రగా మార్చడం మొదలుపెట్టినవాడు ఊరితో సంబంధమున్న మనిషే. విలియం క్రిస్టెన్‌బెరీ 1936లోనే పక్కనున్న టస్కలూసాలో పుట్టాడు. అతని తాతలది హేల్ కౌంటీ. 1960లో మళ్లీ అచ్చయిన ఏజీ పుస్తకం కంటపడితే, అందులోని మనుషులు తన నాయనమ్మ ఎరిగినవాళ్లేనని తేలింది. పిల్లల కోసం చేసిన చౌక బ్రౌనీ కెమెరాతో, మొదట తన చిత్రకళకు నమూనాలుగా, అక్కడి కట్టడాలను తీయసాగాడు. తరవాత వాషింగ్టన్‌లో పాఠాలు చెప్పుకుంటూ దాదాపు ప్రతి ఏటా తిరిగొచ్చి, అవే కట్టడాలను తీశాడు. హవానా జంక్షన్‌లో ఒకప్పుడు కిరాణా కొట్టుగా ఉన్న భవనంలో చేయి చూసి జాతకం చెప్పేవాళ్లు కాపురమున్నారు. వాళ్ల అరచేతి బొమ్మ బోర్డును ఎవరో కిటికీలో తలకిందులుగా దోపారు. ఏడాదికేడాది ఆ గోడ ఒరిగింది, చెట్టు కమ్ముకుంది, చివరికి ఇల్లే లేకుండా పోయింది. ఆ వరస ఫోటోలను వేళ్ల మధ్య తిప్పితే, పత్తి పోయి జనం వలసపోయిన ముప్పై ఏళ్లు కదులుతాయి. 1900లో 31 వేలున్న కౌంటీ ఇప్పుడు అందులో సగమైనా లేదు. ఆ అంకె అర్థం క్రిస్టెన్‌బెరీ వరసలో తెలిసినట్టు ఎవాన్స్ తీసిన ఏ ఒక్క ఫోటోలోనూ తెలియదు. 1973లో ఎవాన్స్ కూడా అతనితో కలిసి మళ్లీ ఇక్కడికి వచ్చాడు. క్రిస్టెన్‌బెరీ ఫోటోల్లో మనుషులు దాదాపు ఉండరు. శిథిలాల అందానికి లొంగిపోయాడని అతని మీద ఆరోపణ. అది కొంతవరకు ఒప్పుకోదగినదే. అయితే కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకార ముఠా మీద భయంగొలిపే బొమ్మలతో ఒక గది నిండా అమరిక చేసినవాడూ అతనే. ఫోటోల్లోకి రానిదేమిటో అతనికి తెలుసు.

మిగిలిన ఖాళీలో కొంత గ్రీన్స్‌బరోలోనే నిండుతోంది. 1968 మార్చిలో, తన హత్యకు రెండు వారాల ముందు, పౌరహక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ క్లాన్ మనుషుల కంటపడకుండా ఒక రాత్రి తలదాచుకున్న చిన్న ఇల్లు ఇప్పుడు సేఫ్ హౌస్ బ్లాక్ హిస్టరీ మ్యూజియం. పౌరహక్కుల ఉద్యమాన్ని నడిపిన స్థానికుల జ్ఞాపకాలకు అది నిలయం. 2009లో కౌంటీకి వచ్చి, యువకులకు పాఠాలు చెబుతూ, బాస్కెట్‌బాల్ ఆడిస్తూ ఉండిపోయిన రామెల్ రాస్, అక్కడి నల్లజాతి కుటుంబాల రోజువారీ బతుకు మీద తీసిన డాక్యుమెంటరీ 2018లో వచ్చింది, ఆస్కార్ నామినేషన్ పొందింది. సినిమా పేరులోనే హేల్ కౌంటీ ఉంది. ఇవి ఆలస్యంగా వచ్చినవి కాబట్టి 1936కు సాక్ష్యం కావని ఒక మాట అనొచ్చు. 1936కు కావు, సరే. 1936 ఫోటోల్లో ఎవరిని వదిలేశారో తేల్చడానికి మాత్రం ఇవి కావాలి. ఇక పాత కాలానికి నేరుగా సాక్ష్యమిచ్చేవి నల్లజాతి కుటుంబాల సొంత ఆల్బమ్‌లు. పెళ్లికీ, సైన్యంలో చేరినప్పుడూ, చర్చి పండుగకీ డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోలవి. టస్కెగీలోని నల్లజాతి విద్యాసంస్థ 1916 నాటికే ఫోటోగ్రఫీ విభాగం నడిపిన రాష్ట్రమిది. కాబట్టి అలాంటి ఫోటోలే లేవనడానికి వీల్లేదు. వాటిని సేకరించి, వెనక పేర్లు రాయించి, ఎవాన్స్ ఫైలు పక్కన అదే అరలో పెట్టడం కౌంటీ చరిత్రకారుల ముందున్న పని.